పోలీసు ఊరివాడా, పైవాడా? – పోలీస్ పటేల్ నుంచి 14(ఎఫ్) వరకు

రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలు తెరిచి రాష్ట్ర జాబితా చూడండి. మొదటి అంశం శాంతిభద్రతలు, రెండో అంశం పోలీసు. కేంద్ర రాష్ట్ర సంబంధాల పాఠం చదివిన మీకు ఇది కొత్త విషయం కాదు. ఒక మార్కు ప్రశ్నగా వస్తే ‘పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం’ అని రాస్తారు, మార్కు వస్తుంది. కాని ఆ ఒక్క వాక్యం కింద ఎన్ని తగాదాలు అణగి ఉన్నాయో చరిత్ర విద్యార్థికి తెలియాలి. పలు భాషలు, పలు మతాలు, పలు ప్రాంతాలు కలిసి బతికే దేశంలో లాఠీ ఎవరి చేతిలో ఉండాలి? ఆ ప్రాంతపువాడి చేతిలోనా, రాజధాని పంపినవాడి చేతిలోనా? ఈ ప్రశ్నను సిద్ధాంత గ్రంథాల నుంచి కాక మన నేల మీద నుంచే పరిశీలిద్దాం.

బాల్కొండను ఉదాహరణగా తీసుకోండి. 44వ జాతీయ రహదారి మీద ఆర్మూరు దాటి నిర్మల్ వైపు వెళ్తుంటే వస్తుంది. పాత కోట ఉన్న ఊరు. అక్కడ తొంభై ఏళ్లు దాటిన పెద్దమనిషి ఉంటే ఆయన ఒక్క జీవితంలో ఎన్ని పోలీసు వ్యవస్థలను చూశాడో లెక్కపెట్టండి. చిన్నతనంలో ఊళ్లో పోలీస్ పటేల్, ఠాణాలో నిజాం సర్కారు అమీన్ సాబ్. పదిహేనేళ్ల వయసులో సైనిక గవర్నరు పాలన. ఆ తరువాత హైదరాబాదు రాష్ట్ర పోలీసు. 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ పోలీసు. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ పోలీసు. 2016 అక్టోబరులో నిజామాబాదుకు పోలీసు కమిషనరేటు వచ్చి, జిల్లా ఎస్పీ స్థానంలో కమిషనరు కూర్చున్నాడు. ఆ పెద్దమనిషి ఊరు కదలలేదు. ఆయన తలుపు తట్టే పోలీసు మాత్రం ఇన్నిసార్లు మారాడు.

ఈ చర్చలోకి దిగేముందు ఒక జాగ్రత్త చెప్పాలి. ‘స్థానిక పోలీసు’ అన్న మాటలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. పోలీసుకు ఆజ్ఞ ఇచ్చేది ఎవరు అన్నది ఒకటి. పోలీసుగా ఎవరిని చేర్చుకోవాలన్నది రెండోది. పోలీసు తప్పు చేస్తే ఎవరికి జవాబు చెప్పాలన్నది మూడోది. మన ప్రాంతంలో రాజకీయ పోరాటం దాదాపు ఎప్పుడూ రెండో ప్రశ్న చుట్టూ, అప్పుడప్పుడు మొదటి ప్రశ్న చుట్టూ నడిచింది. మూడోదాన్ని అడిగినవాళ్లు తక్కువ. పాఠం చదువుతున్నంతసేపూ ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపెట్టుకోండి.

పటేల్, అమీన్, కొత్వాల్

మొదటి సాలార్ జంగ్ 1865లో ప్రవేశపెట్టిన జిలాబందీ సంస్కరణలతో హైదరాబాదు రాజ్యంలో జిల్లాలు, తాలూకాలు, వాటితోపాటు జిల్లా పోలీసు ఏర్పడ్డాయి. అప్పటికి బ్రిటిష్ ఇండియాలో 1861 పోలీసు చట్టం వచ్చి నాలుగేళ్లే అయింది. ఆ చట్టం నిజాం రాజ్యానికి వర్తించదు. కాని పైనుంచి కిందికి ఒకే ఆజ్ఞల గొలుసు ఉండాలన్న దాని ఆలోచన ఇక్కడికీ వచ్చింది. ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లలో జిల్లా పోలీసుకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్న హాంకిన్ బ్రిటిష్ అధికారి. నగర పోలీసు దీనికి పూర్తిగా వేరు. దాని అధిపతి కొత్వాల్ నేరుగా నిజాం దర్బారుకు దగ్గరివాడు. 1920 నుంచి 1934 వరకు ఆ పదవిలో ఉన్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డి తెలుగువాడు, పాలమూరు ప్రాంతం నుంచి వచ్చినవాడు.

నగరానికి ఒక పోలీసు, జిల్లాలకు మరో పోలీసు అన్న ఈ విభజనను గట్టిగా గుర్తుపెట్టుకోండి. వంద సంవత్సరాల తరువాత సుప్రీంకోర్టులో తేలిన వివాదానికి వేరు ఇక్కడే ఉంది.

ఈ రెండూ కాక పెద్ద జాగీర్లకు, పాయిగాలకు, సంస్థానాలకు సొంత పోలీసు ఉండేది. సికింద్రాబాదు కంటోన్మెంటు బ్రిటిష్ వారి అధీనంలో ఉండేది. 1949లో జాగీర్లు రద్దయ్యేవరకు పక్కపక్క ఊళ్లలో వేర్వేరు యజమానుల పోలీసులు తిరిగిన రాజ్యం ఇది. వికేంద్రీకరణ అంటే మనసులో మంచి బొమ్మ మెదిలే విద్యార్థులు ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి.

ఊరికి వద్దాం. తెలంగాణ గ్రామంలో సర్కారు అంటే ముగ్గురు: మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ. మాలీ పటేల్ శిస్తు వసూలు చూస్తాడు, పట్వారీ లెక్కలు రాస్తాడు. పోలీస్ పటేల్ ఊళ్లో జరిగిన నేరం ఠాణాకు తెలపాలి, కొత్తగా వచ్చినవాళ్ల మీద కన్నేసి ఉంచాలి, జనన మరణాలు రాయించాలి, అమీన్ వస్తే బస చూడాలి. అతని కింద సేత్‌సింధీలు పనిచేసేవారు. ఈ పదవులు వతన్లు, అంటే వంశపారంపర్యం. తండ్రి తరువాత కొడుకు.

స్థానిక పోలీసుకు ఇంతకు మించిన నమూనా దొరకదు. పోలీస్ పటేల్‌కు ఊళ్లోని ప్రతి ఇల్లూ తెలుసు. ఎవరి బర్రె ఎవరి చేనులో పడిందో, ఎవరికి ఎవరితో పాలోళ్ల తగాదా ఉందో తెలుసు. భాష సమస్య లేదు, బదిలీ లేదు. అయినా పటేల్ చావడి అంటే ఊళ్లోని బీదవాళ్లకు ధైర్యం కలిగేది కాదు. చాలాచోట్ల పటేల్ దొర మనిషి, లేదా దొరే పటేల్. వెట్టికి మనుషులను పురమాయించేదీ, వెట్టికి రానివాడి మీద ఠాణాలో మాట చెప్పేదీ ఒకే చేయి. ఫిర్యాదు ఎవరి మీద చేయాలో, వాడి దగ్గరికే పోయి చేయాలి. అందుకే ఊళ్లోని పటేల్ కన్నా దూరాన ఉన్న అమీన్ సాబే నయమని అనుకున్నవాళ్లు, ఆ అమీన్ దాకా పోలేక ఊరుకున్నవాళ్లు ఉన్నారు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. అప్పుడు నేను పరిశోధక విద్యార్థిని. మా ఊళ్లో పటేల్ దఫ్తరం సంచిలో కట్టి తాలూకాకు తీసుకుపోతుంటే చూడడానికి జనం గుమిగూడారు. ఎవరూ కేకలు వేయలేదు, ఎవరూ బాధపడలేదు. చూసి ఇళ్లకు పోయారు.

బయటివాళ్లు వచ్చిన కాలం

ముల్కీ, గైర్ ముల్కీ అన్న భేదం నిజాం కాలంనాటిదే. ఉత్తర భారతం నుంచి వచ్చిన ఉద్యోగులు పెద్ద పదవులన్నీ పట్టుకుంటున్నారని స్థానికులు మొరపెట్టుకున్నారు. 1919 ఫర్మానాతో ముల్కీ నిబంధనలు స్థిరపడ్డాయి. రాజ్యంలో పదిహేనేళ్లు నివాసం ఉన్నవాడే ముల్కీ అన్నది అందులో ప్రధానమైన కొలత.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. సైనిక చర్యకు ఆ పేరు పెట్టడమే ఈ పాఠానికి పనికొచ్చే విషయం: సైన్యం పంపితే అది రెండు రాజ్యాల మధ్య యుద్ధం, పోలీసు అంటే ఇంటి వ్యవహారం. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరు అయ్యాడు. పాత పోలీసు మీద కొత్త పాలకులకు నమ్మకం లేదు. రజాకార్లతో చేతులు కలిపారన్న ఆరోపణలు కొందరి మీద ఉన్నాయి. మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల నుంచి అధికారులను రప్పించారు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని అణచడం కూడా వీళ్లకు అప్పగించిన పనే. అది 1951 అక్టోబరు దాకా సాగింది.

మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన ఉద్యోగుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. కాబట్టి తెలంగాణ రైతుకు, కొత్త అధికారికి భాష ఒకటే అనుకుంటాం. పూర్తిగా నిజం కాదు. నాకు గుర్తున్న ఒక సంఘటన చాలా తరువాతి కాలానిదే అయినా ఇక్కడ చెబుతాను. ఎనభైల్లో ఒక ముసలవ్వ వెంట సాయంగా ఒక ఠాణాకు వెళ్లాను. ‘పొద్దుమూకినంక తొవ్వల నన్ను ఆపిండ్రు సారూ’ అని ఆమె చెప్పింది. రాసుకుంటున్న జవాను వేరే ప్రాంతంవాడు. ‘సాయంత్రం తవ్వుచుండగా ఆపినారు’ అని రాశాడు. తొవ్వ అంటే దారి అని అతనికి తెలియదు. చెడ్డవాడేమీ కాదు, అవ్వకు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు కూడా. అయినా కాగితం మీద దారిదోపిడీ కాస్తా గుంత తవ్వకం అయింది. నేను చదివి చెప్పకపోతే అదే కోర్టుదాకా పోయేది. నిజాం కాలంలో ఇదే అవ్వ చెప్పింది ఉర్దూలో రాసుకునేవారు. అప్పుడు చదివి చెప్పేవాడు కూడా దొరికేవాడు కాదు.

1952లో ముల్కీ ఉద్యమం వరంగల్లులో మొదలైంది. ‘గైర్ ముల్కీ గో బ్యాక్’ నినాదం హైదరాబాదు చేరింది. సెప్టెంబరు 3, 4 తేదీల్లో నగరంలో సిటీ కాలేజీ పరిసరాల్లో పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం న్యాయమూర్తి పింగళి జగన్మోహన్‌రెడ్డి చేత విచారణ జరిపించింది. ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయని ఊరేగింపు తీసినవాళ్ల మీద తుపాకి పేలింది, ఆ శాఖలోనే పై పదవుల్లో బయటివాళ్లు ఉన్నారు. ఈ రెండూ ఒకచోట కలవడం వల్ల తెలంగాణ జ్ఞాపకంలో పోలీసు కేవలం ఒక శాఖగా మిగలలేదు.

హోం శాఖ ఎవరికి?

1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో ఒక షరతు ఉంది. హోం, ఆర్థిక, రెవెన్యూ, ప్రణాళిక–అభివృద్ధి, వాణిజ్యం–పరిశ్రమలు అనే అయిదు శాఖల్లో రెండింటిని తెలంగాణ మంత్రులకు ఇవ్వాలి. ఆ జాబితాలో హోం శాఖ మొదట ఉండడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. కలిసి కాపురం చేయబోయే రెండు ప్రాంతాలు తుపాకి ఎవరి అజమాయిషీలో ఉంటుందో ముందే అడిగి పెట్టుకున్నాయి.

అదే ఏడాది భాషాప్రయుక్త పునర్వ్యవస్థీకరణ సరిహద్దుల్లోని ఠాణాలను కూడా కదిపింది. నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రానికి పోయింది. కాని ఆ జిల్లా దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఇటే ఉండి నిజామాబాదు జిల్లాలో కలిశాయి. అక్కడి జనం తెలుగు, మరాఠీ, కన్నడ కలిపి మాట్లాడతారు. బోధన్ సంగతి మరో రకం. నిజాంసాగర్ కాలువల కింద భూములు కొని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతు కుటుంబాలు, 1930ల చివర మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీకి పనికి వచ్చినవాళ్లు, పాత ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, సరిహద్దు అవతలి మరాఠీ వ్యాపారులు, లంబాడీ తండాలు, అందరూ ఒకే ఠాణా పరిధిలో. ఇక్కడ ‘స్థానిక పోలీసు’ అంటే వీళ్లలో ఎవరి పోలీసు? 1950ల తరువాత కాగితాలు తెలుగులోకి మారుతూ వచ్చినకొద్దీ తెలుగు రైతుకు దొరికిన సౌకర్యం బోధన్‌లోని ఉర్దూ కుటుంబం చేజారిపోయింది. జిల్లా మొత్తం ఒకే జాతి, ఒకే భాష అనుకునే వాదనలకు ఈ చెరకు ప్రాంతం ఎప్పుడూ ఒదగదు.

1969 ఉద్యమాన్ని మీరు మరో పాఠంలో వివరంగా చదువుతారు. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాంతో కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1969లో తెలంగాణ విద్యార్థి ఏ మాట అన్నాడో, 1972లో కోస్తా విద్యార్థి దాదాపు అదే మాట అన్నాడు: మా మీదికి బయటి బలగాలను పంపుతున్నారని. కేంద్ర రిజర్వు పోలీసు రెండుచోట్లకూ వచ్చింది.

1972 నవంబరు 27న ప్రధాని ఇందిరాగాంధీ ప్రకటించిన అయిదు సూత్రాల్లో ఒకటి ప్రత్యేకంగా పోలీసు గురించే. జంట నగరాలకు రాష్ట్రంలోని అన్ని ప్రాంతాలవారితో కూడిన ఉమ్మడి పోలీసు బలగం ఉండాలన్నది దాని సారం. ఇది రెండు వర్గాలకూ నచ్చలేదు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన, సెప్టెంబరు 21న ఆరు సూత్రాలు, ఆ తరువాత 32వ రాజ్యాంగ సవరణ, 371–డి అధికరణం వచ్చాయి. ఆరు సూత్రాల్లో స్థానిక అభ్యర్థులకు ప్రాధాన్యం ఇస్తూ కొన్ని మినహాయింపులు పెట్టారు: సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు, రాష్ట్రస్థాయి సంస్థలు, హైదరాబాదు నగర పోలీసు. అయిదు సూత్రాల ఉమ్మడి పోలీసు ఆలోచన ఇలా ఆరు సూత్రాల్లో ఒక మినహాయింపుగా బతికిపోయింది.

14(ఎఫ్)

1975 అక్టోబరు 18న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విభజించింది. నిజామాబాదు, మెదక్, హైదరాబాదు, మహబూబ్‌నగర్, నల్లగొండలు ఆరో జోన్‌లో ఉన్నాయి. దిగువ గుమాస్తా స్థాయి, దానికి సమానమైన జిల్లా పోస్టుల్లో 80 శాతం, పై నాన్ గెజిటెడ్ జోనల్ పోస్టుల్లో 70 శాతం, పేర్కొన్న గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం స్థానికులకు. స్థానికుడి నిర్వచనమూ మారింది. ముల్కీకి పదిహేనేళ్ల నివాసం కొలత అయితే, కొత్త ఉత్తర్వుకు బడిలో వరుసగా నాలుగేళ్ల చదువు కొలత. పట్వారీ ధ్రువపత్రం స్థానంలో హెడ్మాస్టరు ధ్రువపత్రం వచ్చింది.

ఉత్తర్వులోని 14వ పేరా ఏయే పోస్టులకు ఇది వర్తించదో చెబుతుంది. దాని చివరి ఉపవాక్యం (ఎఫ్): 1348 ఫస్లీ నాటి హైదరాబాదు నగర పోలీసు చట్టంలో నిర్వచించిన పోలీసు అధికారి పోస్టు. 1348 ఫస్లీ అంటే సుమారుగా క్రీ.శ. 1938–39. భారత రాష్ట్రపతి ఉత్తర్వులో నిజాం పంచాంగం! నగర పోలీసు వేరు, జిల్లా పోలీసు వేరు అన్న పాత కొత్వాలీ విభజన ఇలా గణతంత్రంలోకి నడిచివచ్చింది. క్లాసులో ఈ ఉపవాక్యం చదివినప్పుడల్లా విద్యార్థులు నవ్వేవారు. తరువాత దాని ఫలితం చెబితే నవ్వు ఆగిపోయేది.

ఫలితం ఏమిటంటే, బాల్కొండ యువకుడు నిజామాబాదు జిల్లా కానిస్టేబులు పోస్టుకు స్థానికుడు. తన జోన్‌లోనే ఉన్న హైదరాబాదు నగరంలో కానిస్టేబులు పోస్టుకు మాత్రం శ్రీకాకుళం, చిత్తూరు అభ్యర్థులతో సమానమైన పోటీదారు. సమర్థకుల వాదన తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. రాజధాని అందరి పన్నులతో కట్టింది, అక్కడ అన్ని జిల్లాలవారూ ఉంటారు, ఒకే ప్రాంతపు పోలీసు వాళ్లను సమంగా చూస్తుందన్న భరోసా ఏమిటి అని వాళ్లు అడిగారు. ఎదుటివారి జవాబు కూడా బలమైనదే. రాజధాని ఉన్న ప్రాంతానికే దాని ఉద్యోగాల్లో హామీ లేకపోతే మిగతా జోన్లకు హామీ ఉండి, ఒక్క ఆరో జోన్‌కే చిల్లు పడినట్టు కదా?

నిబంధనల ఉల్లంఘనలు పెరిగాయన్న ఫిర్యాదులతో 1985 డిసెంబరు 30న 610 జీవో వచ్చింది. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. 2009 అక్టోబరు 9న సుప్రీంకోర్టు 14(ఎఫ్)ను వ్యాఖ్యానిస్తూ హైదరాబాదు నగర పోలీసు ఆరో జోన్‌లో భాగం కాదన్నది. ఇక్కడ మీరు జాగ్రత్తగా చదవాలి. కోర్టు ముందున్నది నగర పోలీసు విభాగం సంగతి. బజారులోకి వచ్చిన మాట ‘హైదరాబాద్ ఫ్రీ జోన్’. పోలీసుకు సంబంధించిన ఉపవాక్యం కొన్ని రోజుల్లోనే మొత్తం నగరం యాజమాన్యం ప్రశ్న అయింది. అక్టోబరు 21న సిద్దిపేటలో ఉద్యోగ గర్జన, నవంబరు 29న కె. చంద్రశేఖరరావు నిరాహార దీక్ష, డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన. రాష్ట్ర ఏర్పాటుకు కారణాలు అనేకం. కాని ఆ యాభై అరవై రోజుల అగ్గికి తొలి నిప్పురవ్వ పోలీసు ఉద్యోగాల నియమం నుంచి ఎగిరిందన్నది నిజం. 2010 మార్చి 18న శాసనసభ 14(ఎఫ్) తొలగించాలని తీర్మానించింది. అదే ఏడాది సబ్ ఇన్‌స్పెక్టర్ల రాత పరీక్ష చుట్టూ ఉస్మానియాలో మళ్లీ గొడవ జరిగింది. చివరికి ఉపవాక్యాన్ని తొలగించారు, కాని అప్పటికి చర్చ దాన్ని దాటిపోయింది.

సెక్షన్ 8

2014 పునర్విభజన చట్టంలో మళ్లీ పోలీసు ప్రశ్న లేచింది. ఈసారి భర్తీ గురించి కాదు, ఆజ్ఞ గురించి. హైదరాబాదు పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని. అక్కడ నివసించేవారందరి ప్రాణ, ఆస్తి, స్వేచ్ఛల భద్రతకు గవర్నరుకు ప్రత్యేక బాధ్యత ఉంటుందని సెక్షన్ 8 చెప్పింది. శాంతిభద్రతలు, అంతర్గత భద్రత అందులోకి వస్తాయి. గవర్నరు తెలంగాణ మంత్రిమండలిని సంప్రదించాలి, కాని తుది నిర్ణయం ఆయన సొంత విచక్షణది.

ఈ మాటలు ఎక్కడో విన్నట్టు అనిపించాలి. 1935 భారత ప్రభుత్వ చట్టంలో రాష్ట్ర గవర్నర్లకు ఇచ్చిన ‘ప్రత్యేక బాధ్యతలు’, ‘సొంత విచక్షణ’ ఇవే. ఎన్నికైన మంత్రుల చేతికి పోలీసు ఇస్తూ, తాడు కొస మాత్రం బ్రిటిష్ వాళ్లు తమ దగ్గరే ఉంచుకున్నారు. కాంగ్రెసు అప్పట్లో దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. స్వతంత్ర భారతంలో నాగాలాండ్‌కు 371–ఎ ద్వారా ఇలాంటి ఏర్పాటే ఉంది. తేడా ఏమిటంటే అది రాజ్యాంగంలో ఉంది, సెక్షన్ 8 సాధారణ చట్టంలో ఉంది. రాష్ట్ర జాబితాలోని పోలీసును పార్లమెంటు సాధారణ చట్టంతో గవర్నరుకు అప్పగించవచ్చునా అని తెలంగాణ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 2014 ఆగస్టులో కేంద్ర హోంశాఖ రాసిన లేఖపైనా, 2015లో రెండు రాష్ట్రాల పోలీసు ఒకరి మీద ఒకరు కేసుల దాకా వెళ్లినప్పుడూ ఇది పతాక శీర్షికలకెక్కింది. ఇంత చేసీ ఆ పదేళ్లలో నగర పోలీసు రోజువారీ పని తెలంగాణ ప్రభుత్వం కిందే నడిచింది. హైదరాబాదులో స్థిరపడిన కోస్తా కుటుంబాలు భయపడినంతగా ఏమీ జరగలేదు. 2024 జూన్ 2తో ఆ సెక్షన్ గడువు తీరింది. వాడని తాళం చెవిలాంటి నిబంధన అది. వాడకపోవడం వల్ల మంచే జరిగిందని నేను భావిస్తాను. కాని భయం ఉన్నవాడికి తాళం చెవి ఒకటి ఉందన్న మాట కూడా కొంత నిద్ర పట్టిస్తుందని ఒప్పుకోవాలి.

దేశ రాజధాని సంగతి దీనికి పూర్తిగా భిన్నం. ఢిల్లీ శాసనసభకు 239–ఎఎ అధికరణం పోలీసు, శాంతిభద్రతలు, భూమి ఇవ్వలేదు. అక్కడి ముఖ్యమంత్రికి ఠాణా మీద అధికారం లేదు.

ఇతర దేశాల అనుభవం

క్లుప్తంగా మూడు ఉదాహరణలు. శ్రీలంకలో 1987 భారత–శ్రీలంక ఒప్పందం తరువాత వచ్చిన 13వ సవరణ రాష్ట్ర మండళ్లకు పోలీసు అధికారాలు రాసి ఇచ్చింది. అవి కాగితం దాటి రాలేదు. నైజీరియాలో తొలి గణతంత్రంలో ప్రాంతీయ, స్థానిక పోలీసులు ఉండేవి. అధికార పక్షాలు వాటిని ప్రతిపక్షాల మీదికి ఉసిగొల్పాయన్న చెడ్డపేరుతో, 1966 తరువాత సైనిక పాలకులు వాటిని కేంద్ర పోలీసులో కలిపేశారు. ఇప్పుడు అక్కడ మళ్లీ రాష్ట్రాల పోలీసు కావాలన్న కోరిక బలంగా ఉంది. ఉత్తర ఐర్లండ్‌లో పోలీసుల్లో కాథలిక్కులు పదిమందిలో ఒకరు కూడా ఉండేవారు కారు. 1999 ప్యాటెన్ నివేదిక తరువాత 2001లో కొత్త పోలీసు సేవను నెలకొల్పి, పదేళ్లపాటు సగం సగం భర్తీ చేశారు. దానితోపాటు పోలీసు మీద పౌరుల బోర్డును, ఫిర్యాదులకు స్వతంత్ర అధికారిని పెట్టారు. భర్తీ, జవాబుదారీ రెంటినీ కలిపి పట్టుకున్నది ఈ మూడింట్లో ఇదొక్కటే.

మన దేశం వేరే దారి తొక్కింది. కింద కానిస్టేబులు జిల్లావాడు. పైన ఐపీఎస్ అధికారి అఖిల భారత పరీక్ష నుంచి వస్తాడు, అలా నేరుగా వచ్చినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు బయటి రాష్ట్రాలవాళ్లే. నిజామాబాదు కమిషనరు ఏ రాష్ట్రంవాడైనా కావచ్చు, ఆయన పేషీ ముందు నిలబడే జవాను మాత్రం వేల్పూరువాడో భీమ్‌గల్‌వాడో అవుతాడు. బయటివాడు స్థానిక పెత్తందారుకు లొంగడు, ఊరివాడికి భాష తెలుసు అన్నది దీని లెక్క. బాగా నడిచినప్పుడు రెండూ కలుస్తాయి. నడవనప్పుడు పైవాడికి ఊరు అర్థం కాదు, కిందివాడికి పటేల్ కాలం గుర్తుకొస్తుంది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసు ఫిర్యాదుల అథారిటీలను జిల్లా స్థాయిలోనూ పెట్టమన్నది. మనం మొదట్లో అనుకున్న మూడో ప్రశ్న అదే. దాని కోసం సిద్దిపేటలో జరిగినంత గర్జన ఏ ఊళ్లోనూ జరగలేదు.

జోన్ లోపల మరో జోన్

రాష్ట్రం వచ్చాక తగాదా ఆగిపోయిందా? 2018 ఆగస్టులో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఏడు జోన్లు, రెండు బహుళ జోన్లు, స్థానికులకు 95 శాతం. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికుడు. నిజామాబాదు ఇప్పుడు ఆదిలాబాదు, నిర్మల్, జగిత్యాలలతో కలిసి బాసర జోన్‌లో ఉంది. 2016 దాకా నిజామాబాదులోనే ఉన్న కామారెడ్డి రాజన్న జోన్‌లోకి పోయింది. బిచ్కుంద, జుక్కల్ సంగతి గుర్తుందా? 1956కు ముందు నాందేడు, తరువాత నిజామాబాదు, ఇప్పుడు కామారెడ్డి. అరవై ఏళ్లలో ఆ ఠాణాల పైఅధికారి మూడుచోట్ల కూర్చున్నాడు. బాల్కొండ, బిచ్కుంద పిల్లలు ఒకప్పుడు ఒకే జోన్ స్థానికులు. నేడు సబ్ ఇన్‌స్పెక్టరు పోస్టుకు ఒకరికొకరు బయటివాళ్లు.

2022 నాటి పోలీసు నియామకాల్లో 46 జీవో మీద జరిగిన ఆందోళన కూడా ఇదే కోవలోది. ప్రత్యేక పోలీసు బెటాలియన్ల పోస్టులను జనాభా లెక్కన జిల్లాలకు పంచడంతో హైదరాబాదు, చుట్టుపక్కల జిల్లాలకు పెద్ద వాటా పోయిందని, ఎక్కువ మార్కులు వచ్చినా తమకు ఉద్యోగం రాలేదని గ్రామీణ జిల్లాల అభ్యర్థులు వాపోయారు. ‘రాజధాని మా వాటా తింటోంది’ అన్న మాటను ఈసారి తెలంగాణ యువకులు తెలంగాణ ప్రభుత్వంతోనే అన్నారు.

డిచ్‌పల్లిలో ఏడో బెటాలియన్ ఉంది. బెటాలియన్ జవాను ఏ ఠాణాకూ చెందడు. ఎక్కడ గొడవ అయితే అక్కడికి లారీలో పంపుతారు. 2024 అక్టోబరులో రాష్ట్రంలో బెటాలియన్ జవాన్ల భార్యలు పిల్లలతో రోడ్డు మీదికి వచ్చారు. భర్తలను నెలల తరబడి ఊరూరా తిప్పుతున్నారని, సివిల్ పోలీసుకు తమవాళ్లకు తేడా లేకుండా రాష్ట్రమంతా ఒకే పోలీసు ఉండాలని అడిగారు. ఇన్నేళ్లూ పోలీసు స్థానికుడిగా ఉండాలని అడిగినవాళ్లు ఊరి జనం. ఈసారి, తానే ఎక్కడో ఒకచోట స్థానికుడిగా ఉండనివ్వమని అడిగింది పోలీసు ఇల్లు. ప్రభుత్వం కొందరు జవాన్లను సస్పెండు చేసింది, కొందరిని తొలగించింది.

తరువాతి సంపర్క తరగతికి వచ్చేటప్పుడు మీ ఊళ్లో పోలీస్ పటేల్‌ను చూసిన పెద్దవాళ్లు ఇద్దరితో మాట్లాడి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే ఒక పేజీ రాసుకురండి. ఒకరు పటేల్ ఇంటివైపువారు, మరొకరు వెట్టి చేసిన ఇంటివైపువారు అయితే మంచిది.